ఆ గడిలో ఆస్తమా అని రాయమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది హనుమకొండ. మా పాపకి పన్నెండేళ్లు, బాబుకి తొమ్మిది. వచ్చే నెల రెండో వారంలో ఇద్దరినీ వికారాబాద్ దగ్గర పది రోజుల సమ్మర్ క్యాంపుకి పంపుదామనుకుంటున్నాం. బాబుకి ఆస్తమా ఉంది. రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ వాడుతున్నాం. పోయిన చలికాలంలో ఒకసారి నెబులైజర్ పెట్టించాల్సి వచ్చింది. దానికి తోడు నెలలో రెండు మూడుసార్లు పక్క తడుపుతాడు. క్యాంపు ఫారంలో ‘ఆరోగ్య సమస్యలు ఏవైనా ఉన్నాయా’ అని ఒక గడి ఉంది. మావారేమో ‘ఏమీ రాయకు, రాస్తే సీటివ్వరు, ఇన్‌హేలర్ బ్యాగులో పెడదాం, వాడే వాడుకుంటాడు’ అంటున్నారు. మా అత్తగారు అక్కడ పాములుంటాయి, అసలు పంపనే వద్దంటున్నారు. కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ కూడా ఉందట, ఇద్దరికీ ఈత రాదు. మొదటి మూడు రోజులు పిల్లలతో ఫోన్లో మాట్లాడనివ్వరట. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

సమాధానం:

అమ్మా, పంపండి. తొమ్మిదేళ్ల పిల్లాడు పది రోజులు అమ్మ లేకుండా తన బట్టలు తనే మడతపెట్టుకుని, నచ్చని కూరతో కూడా అన్నం తిని వస్తే వాడికే మంచిది. ఆస్తమా అదుపులో ఉన్న పిల్లల్ని ఇంట్లో కట్టేయాల్సిన పనేమీ లేదు. కానీ ఆ గడి ఖాళీగా వదిలి మాత్రం పంపకండి.

మీవారిని తప్పుపట్టను. ఏప్రిల్ వచ్చిందంటే క్లినిక్‌లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల కోసం వరస కడతారు, అందులో సగం మంది ‘ఫిట్స్ సంగతి రాయకండి మేడమ్’, ‘ఆయాసం మాట వదిలేయండి’ అనేవాళ్లే. బిడ్డని తీసుకోరేమో, తోటి పిల్లలు ఏడిపిస్తారేమో అన్న భయం. కానీ రాత్రి రెండు గంటలప్పుడు ఆ డార్మిటరీలో ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించుకోండి. ఆస్తమా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ వేళ నుంచి తెల్లవారేదాకానే. పిల్లల దగ్గర పడుకునేది డిగ్రీ చదివే ఏ కుర్రాడో అయ్యుంటాడు. మీవాడు దగ్గుతూ లేచి కూర్చుంటాడు. సంగతి తెలిసినవాడైతే రెండు నిమిషాల్లో ఇన్‌హేలర్ ఇస్తాడు. తెలియనివాడు కాసిని వేడినీళ్లు తాగించి, ఛాతీకి ఏదో బామ్ రాసి, ‘పడుకో నాన్నా, పొద్దున చూద్దాం’ అంటాడు. ఇన్‌హేలర్ ఉన్న బ్యాగేమో తాళం వేసిన గదిలో ఉంటుంది. అది చేతిలోనే ఉన్నా, కొత్త స్నేహితుల ముందు తొమ్మిదేళ్లవాడు తీసి వాడుకుంటాడని నేను నమ్మను. ఇంట్లో దాచిపెట్టమన్నదాన్ని వాడు అక్కడ మరీ గట్టిగా దాస్తాడు.

రాస్తే సీటు ఇవ్వకపోతే? ఇవ్వకపోనివ్వండి. ఆస్తమా అన్న మాటకే బెదిరిపోయేవాళ్లకి పది రోజులు బిడ్డని అప్పగించకపోవడమే మంచిది.

గడిలో ‘ఆస్తమా’ అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. మీ డాక్టరు చేత అరపేజీ కాగితం రాయించుకోండి. రోజూ వాడే మందు ఏది, ఆయాసం వచ్చినప్పుడు కొట్టాల్సింది ఏది, దేనివల్ల ఎక్కువవుతుంది, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి – ఇవి తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. సాధారణంగా మేం రాసేది ఇది: నీలంరంగు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ స్పేసర్‌కి (మందు పీల్చడానికి వాడే ప్లాస్టిక్ గొట్టం) తగిలించి ఒక పఫ్ కొట్టాలి, పిల్లాడు నాలుగైదు సార్లు నెమ్మదిగా పీల్చి వదలాలి, ఆ తర్వాతే ఇంకో పఫ్, ఇలా నాలుగు దాకా. 20 నిమిషాల్లో తేలికపడకపోతే బండి ఎక్కించాలి, దారిలో కూడా పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. డొక్కలు ఎగరేస్తున్నా, ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఆ 20 నిమిషాలు కూడా ఆగకూడదు. మీవాడి పఫ్‌ల లెక్క వాణ్ని చూసే డాక్టరే చెప్పాలి, నా లెక్క ఎత్తి రాసేయకండి.

ఇన్‌హేలర్లు, స్పేసర్లు రెండేసి కొనండి. ఒక సెట్టు బాబు నడుముకి కట్టే పౌచ్‌లో, రెండోది వార్డెన్ దగ్గర. డబ్బా వెనక అంకెలుంటే ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూసుకోండి. చాలామంది అడుగంటిన ఇన్‌హేలర్ పంపిస్తారు. ఎండలో నిలిపిన బస్సులో దాన్ని వదిలేయకూడదని బాబుకీ చెప్పండి. పొద్దున సాయంత్రం వాడే మందు అక్కడ కూడా ఒక్కపూట మానకూడదు. ‘బాగానే ఉన్నాడు కదా’ అని మానిన మూడో రోజో నాలుగో రోజో తేడా కనిపిస్తుంది. మరో రెండు విషయాలు క్యాంపువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. డార్మిటరీలో దోమల కాయిల్ వెలిగిస్తారు, ఆ పొగ మీవాడికి పడదు. దోమతెర మీరే ఇచ్చి పంపండి. చివరిరోజు క్యాంప్‌ఫైర్ ఉంటే గాలివాటు చూసి పొగ రాని పక్కన కూర్చోబెట్టమనండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు వేయిస్తే ఇవన్నీ మానేయొచ్చని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఎలాగూ క్యాంపు నుంచి వచ్చాకే ఆ కార్తె. నమ్మకం ఉన్నవాళ్లతో నేను వాదించను. అయితే అది ఆస్తమాని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. దాని పేరు చెప్పి ఇన్‌హేలర్ ఆపితే మాత్రం నేను ఊరుకోను.

ఇక క్యాంపు ఎలాంటిదో తేల్చుకోవడం. బ్రోచర్లో గుర్రపుస్వారీ, విలువిద్య, రెయిన్ డ్యాన్స్ అన్నీ ఉంటాయి. వాటి గురించి అడగకండి. ఫోన్ చేసి ఒక్క ప్రశ్న వేయండి: ‘రాత్రి రెండింటికి మా బాబుకి ఆయాసం వస్తే ఎవరు లేస్తారు, ఏ బండిలో తీసుకెళ్తారు, ఎక్కడికి?’ బాగా నడిపేవాళ్లు తడుముకోకుండా చెప్తారు – ఫలానా వార్డెన్ పిల్లల గదిలోనే పడుకుంటాడు, కారూ డ్రైవరూ రాత్రంతా ఇక్కడే ఉంటారు, ఫలానా ఆసుపత్రిలో 24 గంటలూ డాక్టరు ఉంటాడు, ఇన్ని కిలోమీటర్లు అని. ‘అయ్యో, అలాంటివేం జరగవండీ, మేం పదేళ్ల నుంచి చేస్తున్నాం’ అన్నారంటే జవాబు లేదన్నమాటే. ‘108కి ఫోన్ చేస్తాం’ అనేది సగం జవాబు. ఊరికి దూరంగా, మట్టిరోడ్డు చివర ఉన్న చోటికి అంబులెన్స్ వచ్చేలోపు సొంత బండి సగం దారి దాటుతుంది. ఆ సెంటరు నుంచి సెల్ సిగ్నల్ అందుతుందా అని కూడా అడగండి. వీలైతే ఒక ఆదివారం మీవారిని తీసుకుని వెళ్లి చూసి రండి. మీకు దూరమే, అయినా వెళ్లడం మంచిది.

వెళ్లినప్పుడు ముందు చూడాల్సింది మరుగుదొడ్లు. ఎందుకో చెప్తాను, మీ బాబు పక్క తడపడంతో దీనికి సంబంధం ఉంది.

తొమ్మిదేళ్లకి అప్పుడప్పుడు పక్క తడిపేవాళ్లు మీరనుకున్నంత తక్కువేం కాదు. ఆ క్యాంపులో మీవాడి ఈడు పిల్లల్లో ఇంకొకడు కూడా ఉండే అవకాశం ఉంది, వాళ్లమ్మ కూడా ఇదే దిగులులో ఉండి ఉంటుంది. వాడి బద్ధకం వల్లో మొండితనం వల్లో వచ్చేది కాదు ఇది. గాఢనిద్రలో మూత్రాశయం నిండినా మెదడు లేపదు, అంతే. అందరూ చూసే ఫారంలో ఈ సంగతి రాయక్కర్లేదు. వార్డెన్‌తో విడిగా, బాబుకి తెలిసేలా మాట్లాడండి. కింది మంచం, అదీ తలుపు పక్కన ఇమ్మనండి. రాత్రి పదకొండింటికి వార్డెన్ తిరిగేటప్పుడు ఒకసారి లేపి బాత్రూముకి తీసుకెళ్లమనండి. పరుపు మీద వేసుకునే రబ్బరు షీటు, ముదురు రంగు దుప్పట్లు రెండు, అదనంగా నిక్కర్లు, ముడి వేసి పెట్టడానికి ఒక ప్లాస్టిక్ కవరు పెట్టండి. తెల్లవారుజామున తడిస్తే ఎవరూ లేవకముందే ఏది ఎక్కడ పెట్టాలో, ఏ దుప్పటి తీసి పరచుకోవాలో ఇంట్లోనే ఒకసారి వాడి చేత చేయించండి. ఏం చేయాలో తెలిసిన పిల్లాడికి సగం భయం పోతుంది. పది రోజులకి సరిపోయేలా మాత్రలు కూడా ఉన్నాయి గానీ, అవి వేసుకున్న రాత్రి నీళ్లు తగ్గించాలి, కాబట్టి డాక్టరు సలహా లేకుండా వద్దు, అందులోనూ మే నెలలో.

అసలు ప్రమాదం ఇంకోటుంది. పక్క తడుస్తుందేమోనన్న భయంతో పిల్లాడు పొద్దుటి నుంచే నీళ్లు తాగడం మానేస్తాడు. ఆడపిల్లలు మరో కారణంతో అదే పని చేస్తారు. టాయిలెట్ కంపు కొడుతుంది, గడియ సరిగ్గా పడదు, లోపల లైటు వెలగదు, అందుకని వెళ్లరు, వెళ్లకూడదు కాబట్టి తాగరు. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి కళ్లు తిరగడం, వారానికి మూత్రంలో మంట. నీళ్లు తాగించండని క్యాంపువాళ్లకి ఎంత చెప్పినా, శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే పిల్లలు తాగరు. గడియలు పడుతున్నాయా, బకెట్టు, మగ్గు, వెలుతురు ఉన్నాయా, సబ్బు ఉందా అని మీరే లోపలికి వెళ్లి చూడండి. బాబుకి ఒక మాట చెప్పండి: సాయంత్రం ఆరింటి దాకా ఎన్ని నీళ్లైనా తాగు, ఆ తర్వాతే కాస్త తగ్గించు. ఆటలాడేటప్పుడు ప్రతి 20 నిమిషాలకీ ఒక చిన్న గ్లాసు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టు, ముదురు రంగులో ఉంటే తక్కువైనట్టు. ఇది తొమ్మిదేళ్లవాడికి కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

అనంతగిరి కొండలు కాబట్టి చల్లగా ఉంటుందని చెప్తారు. పచ్చగానే ఉంటుంది గానీ మే నెల ఎక్కడైనా మే నెలే. రోజువారీ టైంటేబుల్ కాగితం మీద ఇమ్మనండి. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా మైదానంలో ఏదైనా ఆట కనిపిస్తే మార్చమనండి, మార్చకపోతే మానుకోండి. ఇంకో సంగతి చాలామందికి తోచదు. ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. స్కూలు సెలవులిచ్చిన దగ్గర్నుంచి కూలర్ ముందు ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లల్ని మొదటి రోజే పరుగుపందెంలో దింపితే వడదెబ్బ తగిలేది అప్పుడే. అందుకే ఇప్పటి నుంచి రోజూ సాయంత్రం ఇద్దరినీ గంటసేపు బయట ఆడించండి.

ఎండలో ఆడిన పిల్లాడు పొంతన లేకుండా మాట్లాడినా, అడుగు తూలినా, చిరాకుగా తిక్కగా ప్రవర్తించినా వడదెబ్బే అనుకోవాలి. చెమట పడుతోంది కదా అని తీసిపారేయకూడదు. నీడలోకి తెచ్చి, చొక్కా విప్పి, ఒళ్లంతా బకెట్లతో నీళ్లు పోసి, గట్టిగా విసరాలి. ముందు చల్లబరచాలి, బండి ఆ తర్వాత. మత్తుగా ఉంటే నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ వేడికి పారాసిటమాల్ పనిచేయదు.

ఓఆర్‌ఎస్ మీరే కొని ఇవ్వండి. మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే తియ్యటి జ్యూసు డబ్బాలు చేతిలో పెట్టే రోజులు మొన్నటిదాకా ఉన్నాయి. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి ఒంటిచేత్తో చేసిన పోరాటం ఉంది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని, 20.5 గ్రాములు ఒక లీటరు నీటికి అని ఉన్నది తీసుకోండి. మొత్తం ప్యాకెట్ లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకి చెంచా చొప్పున వేస్తే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. అలాగని నీళ్లకి బదులు రోజంతా ఓఆర్‌ఎస్ తాగించే పనిలేదు. మామూలు ఆటలకి నీళ్లు, మజ్జిగ చాలు. విరేచనాలు, వాంతులు పట్టుకుంటేనో, ఎండకి బాగా చెమటోడ్చి నీరసపడితేనో అది.

కోట్‌పల్లి కయాకింగ్ సంగతి. మీ అత్తగారు పాములకి భయపడుతున్నారు గానీ, నేనైతే నీళ్లకే ఎక్కువ భయపడతాను. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కించకూడదన్న సంగతి అందరికీ తెలుసు. ఉన్న జాకెట్ ఒంటికి సరిపోయిందా అన్నది చూసేవాళ్లు తక్కువ. అన్ని బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. జాకెట్ లేచి గడ్డం, చెవుల దాకా వస్తే అది ఆ పిల్లాడి సైజు కాదు, నీళ్లలో జారిపోతుంది. పెద్దవాళ్ల జాకెట్ తొమ్మిదేళ్లవాడికి తగిలించి తాడు కట్టేస్తామంటే ఒప్పుకోకండి. ఈ పరీక్ష మీ పాపకి నేర్పండి, పన్నెండేళ్ల పిల్ల తమ్ముడి జాకెట్ చూడగలదు.

నా దృష్టిలో పడవలో ఉన్న పిల్లల కన్నా ఒడ్డున తమ వంతు కోసం ఎదురుచూసే పిల్లలకే ముప్పు ఎక్కువ. జాకెట్లన్నీ పడవలో ఉన్నవాళ్ల ఒంటిమీద ఉంటాయి, సార్లందరి కళ్లూ వాళ్ల మీదే. ఒడ్డున ఉన్నవాళ్లు కాళ్లు తడుపుకుంటూ, సెల్ఫీలు దిగుతూ ఒక్కో అడుగూ ముందుకి వేస్తారు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన డ్యాం నుంచి వదిలిన నీళ్లకి కొట్టుకుపోయారు. వాళ్లు చిన్నపిల్లలు కూడా కాదు. క్యాంపువాళ్లని అడగాల్సింది ఇది: ఒడ్డున ఉన్న పిల్లల్ని మాత్రమే చూడటానికి, చేతిలో ఫోన్ లేకుండా, ఎవరిని పెడతారు? నీళ్ల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ పిల్లల్ని జోడీలుగా కట్టి తలలు లెక్కపెడతారా? స్విమ్మింగ్ పూల్ ఉంటే, లోతు వైపు అడుగున ఉన్న జాలీ పైనుంచి స్పష్టంగా కనిపించాలి. కనిపించనంత మడ్డిగా ఉంటే అందులో మునిగిన పిల్లాడు కూడా కనిపించడు. సినిమాల్లో చూపించినట్టు మునిగేవాళ్లు చేతులు ఊపుతూ కేకలు వేయరు. చప్పుడు లేకుండా అడుగుకి జారిపోతారు.

బయటికి తీశాక మన పల్లెల్లో తలమీద వేసుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం, ఒంటినిండా ఉప్పు కప్పడం చేస్తారు. వీటిలో ఏదీ బతికించదు, విలువైన నిమిషాలు తినేస్తుంది. ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. క్యాంపులో సీపీఆర్ నేర్చుకున్నవాళ్లు కనీసం ఇద్దరైనా ఉన్నారా అని కూడా మీ ప్రశ్నల్లో చేర్చండి.

పాముల సంగతికి వద్దాం, మీ అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లని కట్లపాము కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. గ్యాస్ నొప్పి అనుకుని గంటలు పోగొట్టుకుంటారు. మంచం మీద పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపితే ఈ ముప్పు చాలావరకు పోతుంది. టెంట్లో చాప మీద పడుకోబెడతామంటే నేనైతే ఒప్పుకోను. రాత్రి బయటికి వెళ్లాలంటే బూట్లు, టార్చి. పొద్దున బూట్లు దులిపి వేసుకోవాలి, తేళ్లు దూరేది వాటిలోకే. కాటు వేస్తే కట్టు కట్టకుండా, కోయకుండా, కాలు కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంది. మే నెల సాయంత్రాల్లో గాలిదుమారం, ఉరుములు వస్తే చెట్టు కిందికి కాకుండా పక్కా భవనంలోకి పరుగెత్తాలని కూడా చెప్పండి.

మూడు రోజులు ఫోన్ ఇవ్వకపోవడం దగ్గర నేను సగం క్యాంపువాళ్ల వైపు. రోజూ అమ్మ గొంతు వింటే బెంగ పెరుగుతుందే గానీ తగ్గదు. మొదటి రెండు రాత్రులు ఏడ్చిన పిల్లలే నాలుగో రోజుకి ఇంటిమాట మరిచిపోతారు. ‘నచ్చకపోతే వెంటనే వచ్చి తీసుకొస్తా’ అని ముందే మాటివ్వకండి. ఆ మాట ఇచ్చారంటే వాడు మొదటి రోజు నుంచీ మీ కోసమే గేటు వైపు చూస్తుంటాడు. అయితే బెంగ వేరు, భయం వేరు. పిల్లాడు అడిగినా ఫోన్ ఇవ్వనే ఇవ్వం అనే నిబంధన ఏ క్యాంపుకీ ఉండకూడదు. మీరు అడిగితే రోజుకోసారి వార్డెన్ మీతో మాట్లాడాలి, పిల్లాడు భయపడితే ఏ వేళలోనైనా మీతో మాట్లాడించాలి. ఇది రాసి ఇమ్మనండి. పిల్లలిద్దరితో ఒక రహస్య వాక్యం అనుకోండి. ‘పిల్లి పాలు తాగిందా?’ లాంటిది, మీ ఇంట్లో పిల్లి లేకపోతే ఇంకా మంచిది. పక్కన ఎవరున్నా ఆ మాట అనొచ్చు. అది వినిపించిందంటే ఎందుకని అడగకుండా బయల్దేరండి.

ఎందుకు చెప్తున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. పిల్లలు ఇంటికి దూరంగా ఉన్నచోట వాళ్ల ఒంటిమీద చెయ్యి వేయాలనుకునేవాడు ముందు చేసేది, ‘ఇది మనిద్దరి మధ్యే’ అని ఒక రహస్యాన్ని తయారుచేయడం. చాక్లెట్ ఇచ్చో, ఫోన్లో గేమ్ ఆడనిచ్చో మొదలవుతుంది. కాబట్టి పిల్లలకి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. అమ్మకి చెప్పొద్దు అని ఎవరైనా అంటే, అమ్మకి చెప్పాల్సింది అదే అని చెప్పండి. బాబుకి కూడా చెప్పండి, ఆడపిల్లకి మాత్రమే ఈ మాటలు చెప్పి ఊరుకుంటారు చాలామంది. క్యాంపువాళ్లని అడగండి: ఏ పెద్దమనిషైనా ఒక పిల్లతోనో పిల్లాడితోనో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండొచ్చా? ఉండకూడదు అన్నదే జవాబు కావాలి. ఆడపిల్లల డార్మిటరీలో రాత్రి ఆడవాళ్లే ఉండాలి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇలాంటివి తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని పరువు కోసం దాచిన నిర్వాహకుడికి ఏడాది దాకా జైలు పడొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఇద్దరికీ కంఠతా రావాలి, మీ ఫోన్ నంబరు కూడా. ఫోన్లలో నంబర్లు దాచుకునే కాలంలో పిల్లలకి అమ్మ నంబరే రాదు.

పాపకి పన్నెండేళ్లన్నారు. నెలసరి ఇంకా మొదలు కాకపోయినా ప్యాడ్లు, ముదురు రంగు లోదుస్తులు పెట్టి, ఎలా వాడాలో చూపించి పంపండి. చాలామంది పిల్లలకి మొదటిసారి కనిపించేది ఇంట్లో కాదు.

మందుల విషయంలో ఒక్కటి కాస్త వివరంగా చెప్పాలి, జ్వరం సిరప్ గురించి. పారాసిటమాల్ సిరప్‌లు ఒకే కంపెనీవే రెండు మూడు బలాల్లో వస్తాయి. 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములు ఒకటి, 250 ఇంకొకటి. సీసాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. మీ బాబు 24 కిలోలు ఉన్నాడనుకుందాం. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదు 360. 250 సిరప్ అయితే ఏడు మిల్లీలీటర్లు, 125 అయితే పద్నాలుగు. క్యాంపులో ఎవరో ‘రెండు మూతలు’ పోస్తే ఏ సీసా నుంచి పోశారన్నది ఎవరికీ తెలియదు. ఇద్దరి బరువూ ఇప్పుడు చూసి, సీసా మీద పెన్నుతో ‘బాబుకి ఇన్ని ఎం.ఎల్., ఆరు గంటలకోసారి’ అని రాసి ఇవ్వండి. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ కలిసిన సిరప్‌లు మాత్రం వద్దు. డెంగీ అయితే రక్తస్రావానికి దారితీస్తాయి, కొందరు ఆస్తమా పిల్లలకి పడవు. మిమ్మల్ని అందుకోలేని సమయంలో చికిత్స చేయించొచ్చని మీ ఇద్దరి సంతకాలతో ఒక లేఖ కూడా మందులతో పాటు పెట్టండి.

టీకాల కార్డు తీసి చూడండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇప్పటిదాకా వేయించి ఉండకపోతే ఈ వారమే వేయించండి, రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పదేళ్లప్పుడు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) పాపకి పడిందో లేదో కూడా చూసుకోండి. తిండి దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. వేడిగా వండింది వేడిగా పెట్టాలి, తాగే నీళ్లు ఎక్కడివో చెప్పగలగాలి, వంటవాళ్లు చేతులు కడుక్కునే చోట సబ్బు ఉండాలి. పచ్చి గుడ్లతో చేసిన మయోనీజ్‌ని 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. గడువు సంగతి ఎలా ఉన్నా ఎండాకాలంలో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. సాయంత్రం శాండ్‌విచ్‌లలో అది పూయొద్దని చెప్పండి.

వచ్చాక మొదటి రోజు స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా ఒకసారి చూడండి. వేళ్ల సందుల్లో దురద గజ్జి కావొచ్చు, అది నెల తర్వాత కూడా బయటపడొచ్చు. మూడు వారాల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, మూడు రోజులకి తగ్గకపోతే, క్యాంపుకి వెళ్లొచ్చాడన్న మాట డాక్టరుకి ముందే చెప్పండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీయమని అడగండి. కళ్లు పచ్చబడటం, అన్నం సయించకపోవడం నెల దాటాక కూడా కనిపించొచ్చు. ఇక పాప తలలో పేలు ఎలాగూ తెచ్చుకుంటుంది, పేల దువ్వెన ఇప్పుడే కొని పెట్టుకోండి.